దిండుకు 3,900 పెట్టాలా? ముందు మీ టేపు తీయండి

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. ఇంట్లోనే మిషను కుడతాను, నెలకు 14,000 దాకా వస్తుంది. మా ఆయన స్కూలు బస్సు తోలతారు, జీతం 18,000. డ్వాక్రా కంతు 2,400, చీటీ 3,000 కడుతున్నాం. ఏడాదిగా పొద్దున లేచేసరికి మెడ పట్టేసి ఉంటోంది. నెలలో రెండు రోజులు మిషను ఎక్కలేకపోతున్నా. రెండేళ్లలో మూడు దిండ్లు కొన్నా. మొదటిది 250, రెండోది ఫైబరుది 600, మూడోది మెమరీ ఫోమ్ 1,100. మూడూ అణిగిపోయాయి, పైగా తల కింద ఒకటే చెమట. మాది మిద్దె ఇల్లు, ఏసీ లేదు. ఇప్పుడు ఫోన్లో ఎక్స్‌ట్రా ఫర్మ్, కూలింగ్ జెల్ మెమరీ ఫోమ్ దిండు చూశాను. ఒకటి 3,900, జత 6,999, ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ అంట. తిరుపతి షోరూంలో అడిగితే పరుపుతో కలిపి 28,000 అన్నారు, లేటెక్స్ దిండు ఒక్కటే అయితే 2,400. మా అత్త దూది దిండు కుట్టించుకో, 700తో పోతుంది అంటోంది. మా ఆయనేమో దిండుకు వేలా, దండగ అంటారు. నేను పక్కకు తిరిగి పడుకుంటాను, ఆయన వెల్లకిలా. ఏం చేయమంటారు?

చెల్లెమ్మా, నెలలో రెండు రోజులు మిషను ఎక్కలేకపోతున్నా అన్నారు చూడండి, లెక్క అక్కడ మొదలుపెడదాం. ఆదివారాలు తీసేస్తే నెలకు 26 పనిరోజులు. అందులో రెండు పోయి, 24 రోజుల్లో 14,000 సంపాదిస్తున్నారంటే రోజుకు సుమారు 583 రూపాయలు. రెండు రోజులకు 1,166. ఏడాదికి 24 రోజులు, అంటే సరిగ్గా ఒక నెల కష్టం మెడనొప్పికే పోతోంది. ఈ లెక్క కాగితం మీద రాసి మీ ఆయనకు చూపించండి. పరుపుతో కలిపి 28,000 విషయంలో ఆయన మాటే సరి, అది ఇప్పుడు మీకు వద్దు. దిండు సంగతి మాత్రం వేరు. మీ ఇంట్లో ఇది చీర కొనడం లాంటి ఖర్చు కాదు, మిషనుకు కొత్త మోటారు వేయించడం లాంటిది.

అయితే నొప్పికి కారణం దిండేనా అన్నది ముందు తేల్చుకోవాలి. రోజంతా మెడ వంచి కుట్టే పని మీది. పొద్దున లేవగానే పట్టేసి, మధ్యాహ్నానికి సడలిపోతుంటే పడక మీద అనుమానపడాలి. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి పెరుగుతుంటే మిషను ముందు వేసుకునే స్టూలు ఎత్తు చూసుకోవాలి. మీరు పొద్దున అన్నారు కాబట్టి దిండు దారిలోనే వెళ్దాం. కానీ చెయ్యి తిమ్మిరెక్కడం, నొప్పి భుజం నుంచి వేళ్లలోకి పాకడం, చేతిలో పట్టు తప్పడం లాంటివి ఏవైనా ఉంటే దిండు మాట పక్కన పెట్టి ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లండి. చిత్తూరు ప్రభుత్వాసుపత్రి మీకు దగ్గరే. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఉన్నదే ఇలాంటి ఎముకల, కీళ్ల బాధలకు. మన వైపు ఏ నొప్పి వచ్చినా పుత్తూరు కట్టుకు పోదాం అంటారు, మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెయ్యి తిమ్మిరెక్కే మెడకు మాత్రం కట్టు కట్టించుకోకండి. అది నరాన్ని చూడాల్సిన సంగతి.

ఇప్పుడు గట్టిదనం సంగతి. మీరు మూడుసార్లు మోసపోయింది ఇక్కడే. నాలుగోసారీ ఇక్కడే పోయేలా ఉన్నారు.

మెమరీ ఫోమ్ అనేది 1966లో అమెరికాలో నాసా కోసం, విమాన సీట్ల మెత్తల కోసం తయారైన పదార్థం. దాని గుణమే వేడికి మెత్తబడటం, చలికి గట్టిపడటం. ఒంటి వేడి తగలగానే కరిగినట్టు ఒదిగిపోతుంది, అందుకే అంత పేరు. మీరు తిరుపతి షోరూంలో ఏసీ చల్లదనంలో చేత్తో ఒత్తి చూస్తే అది గట్టిగానే ఉంటుంది. చిత్తూరులో మే నెల మిద్దె పగలంతా ఎండ తాగి, రాత్రి పదకొండు దాకా ఆ వేడి కిందికి వదులుతూనే ఉంటుంది. ఆ గదిలో అదే దిండు మెత్తబడి, తల లోపలికి దిగిపోతుంది. దిగిన తల చుట్టూ ఫోమ్ లేచి గాలి ఆడనివ్వదు. చెమట అందుకే. జెల్ పొర పడుకున్న కాసేపు చల్లగా తగులుతుంది, తల వేడి అందుకున్నాక అదీ వేడెక్కుతుంది. మదనపల్లె వాళ్లు అడిగితే నేను ఇంత గట్టిగా వద్దనను, ఆ ఊరు ఎత్తులో ఉంది, రాత్రులు చల్లబడతాయి. మీకు మాత్రం 1,100ది పనికిరాలేదంటే, అదే జాతిది 3,900ది ఎంతో మెరుగ్గా ఉంటుందని నేను నమ్మను.

నేనూ తిరుపతిలో ఒక మెమరీ ఫోమ్ దిండుకు 2,800 పెట్టాను. జనవరిలో కొన్నప్పుడు హాయిగా ఉండింది. ఏప్రిల్ వచ్చేసరికి రాత్రి రెండుసార్లు తిప్పేసుకునేవాణ్ణి, చల్లని వైపు దొరుకుతుందేమోనని. అప్పటినుంచి ఎవరు అడిగినా చెప్పేది ఒకటే. దిండును కొనే చోట చూసి నమ్మకండి, మీరు పడుకునే గదిలో, మీ ఎండాకాలంలో అది ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇంకో మాట. ఎక్స్‌ట్రా ఫర్మ్ అన్నదానికి కంపెనీలన్నీ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒకరి ఫర్మ్ ఇంకొకరి మీడియం. ఆర్థోపెడిక్ అన్న మాటా అంతే, అట్టపెట్టె మీద కంపెనీ వేసుకునే పేరు. గట్టిదనం కంటే మీకు ముందు తెలియాల్సింది ఎత్తు. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు భుజానికీ తలకూ మధ్య సందు ఉంటుంది. దిండు ఆ సందును నింపాలి. తక్కువైతే తల కిందికి వాలుతుంది, ఎక్కువైతే పైకి ఎగుస్తుంది. రెండు రకాలుగానూ మెడ రాత్రంతా వంగే ఉంటుంది. గట్టి దిండు అణగదు కాబట్టి ఎత్తు తప్పితే మెత్తదానికంటే జాస్తి బాధ పెడుతుంది.

ఈ కొలత తీయడం మీకు చేతిలో పని. ఊరందరికీ భుజం కొలత తీస్తారు కదా, ఈసారి మీది మీరే తీయించుకోండి. గోడకు పక్కగా, భుజం ఆనించి, మెడ నిటారుగా పెట్టి నిలబడండి. చెవి దగ్గర నుంచి గోడ దాకా ఎంత ఉందో పిల్లల చేత టేపుతో కొలిపించండి. చాలామంది ఆడవాళ్లకు నాలుగైదు అంగుళాల దగ్గర వస్తుంది. మీకు ఎంత వస్తే అంతే, తల పెట్టాక దిండు ఆ ఎత్తులో నిలవాలి. పరుపు మెత్తదైతే భుజం కొంచెం దిగుతుంది, అప్పుడు అర అంగుళం తగ్గించుకోవచ్చు.

కొలత తెలిశాక అంగడికి పోకండి. పాత నూలు చీరలు రెండు మూడు తీసి, చదరంగా మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ ఎత్తు వచ్చేదాకా సర్దండి. గలీబులో దూర్చి ఏడు రాత్రులు దాని మీద పడుకోండి. అణగనిది, గాలి ఆడేది, చెమట పీల్చేది. మీరు ఫోన్లో వెతుకుతున్న దిండు గుణాలన్నీ దానికి ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. మొదటి రెండు రాత్రులు కొత్తగా అనిపిస్తుంది, ఓపిక పట్టండి. పొద్దున పట్టు తగ్గుతుంటే ఎత్తు కుదిరినట్టే. తగ్గకపోతే ఒక మడత తీసి చూడండి, లేదా కలపండి. మూడు దిండ్లకు 1,950 పోశారు, రెండేళ్ల 730 రాత్రులకు పంచితే రాత్రికి 2 రూపాయల 67 పైసలు. మడతలు మార్చుకుంటూ వారం రోజులు చూసి ఉంటే ఆ డబ్బు చాలావరకు మిగిలేది. ఈ వారంలోనే ఒక రాత్రి నేల మీద చాప పరిచి కూడా పడుకుని చూడండి. నేల మీద మెడ హాయిగా ఉండి, మంచం మీద మాత్రమే పట్టేస్తుంటే తప్పు పరుపు నడుమ పడ్డ గుంటది. అది తెలిశాక పరుపు గురించి విడిగా మాట్లాడదాం.

ఎత్తు కుదిరాక, నా సలహా మీ అత్తగారి సలహానే. దూది ఏకి దిండ్లు కుట్టే అంగడికి వెళ్లి పత్తి దూదితో గట్టిగా కూరించి కుట్టించండి. బూరుగు దూది వద్దు. అది తేలికగా, మెత్తగా ఉండి తొందరగా అణిగిపోతుంది, మీకు కావలసినది అణగనిది. ఎంత దూది వేస్తారో తూకం మీ కళ్ల ముందే వేయించండి. కూరిన తర్వాత తల పెట్టి, ఎంత ఎత్తులో నిలిచిందో టేపుతో చూసి అప్పుడు మూతి కుట్టమనండి. కొత్త దూది కొన్ని వారాల్లో కొంత అణుగుతుంది కాబట్టి అర అంగుళం ఎక్కువే ఉండనివ్వండి. పై గుడ్డ నూలు పరుపు గుడ్డే కావాలి. గలీబులు మీరే నూలు గుడ్డతో నాలుగు కుట్టుకోండి, ఎండాకాలంలో రెండు రోజులకు ఒకటి మార్చుకోవచ్చు. వాటర్‌ప్రూఫ్ కవరు మాత్రం వేయకండి. దిండు ఎంత గాలి ఆడేదైనా ఆ ప్లాస్టిక్ పొర కింద ఉడుకుతుంది. వారానికోసారి మిద్దె మీద ఎండలో వేయండి, గడ్డలు కడితే మళ్లీ ఏకించుకోవచ్చు. మూడు దిండ్లు పారేసిన ఇంటికి, బాగుచేసుకుని వాడుకోగలిగిన వస్తువు అంటే విలువ ఉంది.

దూది పడనివాళ్లు కొందరుంటారు. తుమ్ములు, ముక్కు కారడం మొదలైతే, లేదా దూది దిండు బరువు మీకు నచ్చకపోతే అప్పుడు తిరుపతిలో చూసిన ఆ 2,400 లేటెక్స్ దిండు. రబ్బరు పాలతో చేసేది, ఒత్తి వదిలితే వెంటనే లేస్తుంది, వేడికి మెమరీ ఫోమ్‌లా మెత్తబడదు. నిలువునా సన్న రంధ్రాలు ఉన్నది చూసుకోండి, గాలి వాటిలోంచే ఆడుతుంది. లేటెక్స్ లోపల ఎత్తు సరిచేసుకోవడం కుదరదు కనుక మీ కొలతకు సరిపోయేదే కొనాలి, టేపు సంచిలో వేసుకుని వెళ్లండి. దీన్ని మాత్రం ఎండలో వేయకూడదు, రబ్బరు పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. నీడన ఆరబెట్టాలి. అయిదేళ్లు మన్నితే రాత్రికి 1 రూపాయి 31 పైసలు పడుతుంది, మీరు ఇప్పటిదాకా పెట్టినదాంట్లో సగం. రబ్బరు గ్లౌజులు తొడిగితే చేతులు దద్దుర్లు లేచేవాళ్లయితే ఇది కొనవద్దు.

డబ్బు ఎక్కడిది అంటారా? 700 అంటే నాలుగైదు జాకెట్ల కూలి. ఈ నెలలోనే సరిపెట్టవచ్చు. లేటెక్స్ వరకు వెళ్లాల్సి వస్తే నెలకు 400 చొప్పున ఆరు నెలలు విడిగా డబ్బాలో వేయండి. చీరల మడతలు అంతదాకా మిమ్మల్ని ఆదుకుంటాయి. దీనికోసం చీటీ పాడవద్దు. పాట పాడి ముందే తీసుకుంటే తగ్గించుకుని తీసుకోవాలి, కంతు మాత్రం చివరిదాకా కట్టాలి. డ్వాక్రా డబ్బు అసలే తాకవద్దు.

ఇక ఆరు నెలల ఈఎంఐ. 6,999ని ఆరుతో భాగిస్తే నెలకు 1,166. మీరు పోగొట్టుకుంటున్న రెండు రోజుల కూలి ఎంతో అంతే. అందుకే అది సబబుగా తోచి ఉంటుంది మీకు. కానీ నో కాస్ట్ అన్న మాటను అలాగే తీసుకోకండి. సున్నా వడ్డీ అనేది లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. క్రెడిట్ కార్డు మీద ఇలా తీసుకుంటే బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు అంత మొత్తం ధరలో తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీకే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే దాని మీదా జీఎస్టీ. ఉదాహరణకు వడ్డీ 325 అనుకుంటే జీఎస్టీ 58, ఫీజు 199 అయితే జీఎస్టీతో కలిపి 235. మొత్తం 293 రూపాయలు, ప్రకటనలో ఎక్కడా పెద్ద అక్షరాల్లో కనపడని డబ్బు. ఒక్క కంతు తప్పితే ఆలస్య రుసుము, వడ్డీ తోడవుతాయి. ఆరు నెలలు కట్టేలోపే దిండు అణిగిపోతే, అణిగిన దిండుకు కంతులు కడుతూ ఉండాలి. అది మనసుకు చాలా కష్టం.

ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. దిండ్లు ఒకసారి కవరు విప్పితే వెనక్కి తీసుకునేది లేదని చాలా చోట్ల షరతు పెడతారు, డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోండి. పెట్టె మీది ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని పైన జీఎస్టీ అడిగితే ఇవ్వనక్కర్లేదు. గొడవొస్తే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడవచ్చు.

జత సంగతి చివరికి మిగిలింది. మీరు పక్కకు తిరిగి, ఆయన వెల్లకిలా పడుకుంటారని రాశారు. వెల్లకిలా పడుకునేవాళ్లకు మీ దిండులో సగం ఎత్తు చాలు. ఒకే రకం రెండు కొంటే ఇద్దరిలో ఒకరికి తప్పకుండా తప్పు దిండే వస్తుంది. అణిగిపోయిందని మీరు మూలన పెట్టిన ఆ 600 ఫైబరు దిండు ఉందా ఇంకా? గలీబు ఉతికి, గడ్డలు విదిలించి ఈ రాత్రి ఆయనకు వేసి చూడండి. ఆయనకు ఆ ఎత్తు సరిపోయేలా ఉంది.