త్రియుండ్ కొండకు తొలి నడక: దిగడానికీ ఓపిక మిగుల్చుకోండి

ప్రశ్న: అక్టోబరులో మేము అమృత్‌సర్ చూసుకుని ధర్మశాల వెళ్తున్నాము. అక్కడి త్రియుండ్ కొండకు ఒక్క రోజులో నడిచి వెళ్లి రావచ్చని విన్నాము. నాకూ మావారికీ నలభై దాటాయి, అబ్బాయికి పదకొండేళ్లు. అలిపిరి మెట్లు ఎక్కడం తప్ప మాకు కొండలెక్కిన అలవాటు లేదు. ఇది మా వల్ల అవుతుందా? మాతో వస్తున్న అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులున్నాయి. ఆవిడను కూడా తీసుకెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ముగ్గురి వల్లా అవుతుంది. మీకు అలిపిరి దారి తెలుసు కాబట్టి ఆ కొలతతోనే చెబుతాను. తిరుపతి నుంచి తిరుమలకు మనం ఎక్కే ఎత్తు దాదాపు 700 మీటర్లు. ధర్మశాల దగ్గరి ధరమ్‌కోట్ ఊరి పైన ఉన్న గల్లు దేవి గుడి నుంచి త్రియుండ్‌కు ఎక్కవలసిందీ ఇంచుమించు అంతే. అయితే తిరుమలలో దర్శనం చేసుకుని బస్సులో కిందికి వచ్చేస్తాము, త్రియుండ్‌లో మాత్రం ఎక్కిన దారంతా మళ్లీ కాళ్లతోనే దిగాలి. పైగా అక్కడ చెక్కిన మెట్లుండవు, పైకప్పు నీడ ఉండదు. ఎగుడుదిగుడు రాళ్లు, కొన్నిచోట్ల వదులు మట్టి ఉంటాయి. అందువల్ల ఎక్కడానికి ఎంత సిద్ధమవుతారో దిగడానికీ అంతే సిద్ధం కావాలని గట్టిగా చెబుతున్నాను.

బయలుదేరడానికి నెల ముందు నుంచి వారానికి మూడు నాలుగు రోజులు మెట్లు ఎక్కండి, దిగేటప్పుడు లిఫ్టు వాడకండి. దిగుడులో బరువంతా తొడల ముందు కండరాల మీద, మోకాళ్ల మీద పడుతుంది. చదునైన రోడ్డు మీద ఎంత నడిచినా ఆ అలవాటు రాదు.

మీరు ఎంచుకున్న నెల చాలా మంచిది. ధర్మశాల వెనుకనున్న ధౌలాధార్ పర్వతాలు ఒక్కసారిగా నిటారుగా లేవడం వల్ల వర్షాకాలపు మేఘాలు అక్కడే అడ్డుపడి, ధర్మశాలలో జులై, ఆగస్టు నెలల్లో విపరీతమైన వానలు పడతాయి. శీతకాలంలో పైన మంచు పేరుకుంటుంది. అక్టోబరులో ఆకాశం తేటగా ఉంటుంది కానీ పొద్దు త్వరగా వాలుతుంది, ఆరున్నరకల్లా చీకటి పడుతుంది. కాబట్టి ముందురోజు రాత్రి ధర్మశాల ఎగువ భాగమైన మెక్లోడ్‌గంజ్‌లో గానీ ధరమ్‌కోట్‌లో గానీ బస చేసి, ఉదయం ఏడు గంటలకు గల్లు దేవి గుడి దగ్గర నడక మొదలుపెట్టండి. భాగ్సునాగ్ జలపాతం వైపు నుంచి కూడా దారి ఉంది కానీ అది మరింత నిటారు, తొలిసారికి వద్దు.

గల్లు నుంచి దేవదారు, ఓక్, రోడోడెండ్రాన్ చెట్ల మధ్య దారి హాయిగానే సాగుతుంది. మధ్యలో టీ దుకాణాలు తగులుతాయి. చివరి కిలోమీటరు మాత్రం మెలికలు తిరుగుతూ నిలువుగా లేస్తుంది. అబ్బాయి ముందుకు పరుగెత్తకుండా అక్కడ మీ ఇద్దరి మధ్యన నడవనివ్వండి. పిల్లవాడితో కలిసి ఎక్కడానికి నాలుగు గంటలు, దిగడానికి మూడు గంటలు వేసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలని కిందనే నిర్ణయించుకోండి. శిఖరం పది నిమిషాల దూరంలో కనిపిస్తున్నా సరే, ఆ మాట తప్పకండి. మధ్యాహ్నం దాటాక మబ్బులు కమ్మే అవకాశమూ ఎక్కువ. ఉరుము వినిపిస్తే గట్టు మీద ఆగకుండా దిగడం మొదలుపెట్టండి.

త్రియుండ్ ఎత్తు సుమారు 2,850 మీటర్లు. ఒక రాత్రి కింద గడిపి, పగలు వెళ్లి పగలే తిరిగి వచ్చేవారికి ఆ ఎత్తు సాధారణంగా ఇబ్బంది పెట్టదు. అయినా తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం వంటివి కనిపిస్తే విశ్రాంతితో సరిపెట్టక కిందికి రండి.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, తినడానికి వేరుశనగ చిక్కీ, ఖర్జూరం, ఒక్కొక్కరికి ఒక పొడి చొక్కా, స్వెట్టర్, వాన కోటు, ఒక టార్చి చాలు. చెమటకు తడిసిన బనియనుతో పైన గాలికి కూర్చుంటే వణుకు పుడుతుంది కాబట్టి చేరగానే చొక్కా మార్చుకోండి. బూట్లు కొత్తవి కాకూడదు. రెండు రోజుల ముందే కాలిగోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే దిగేటప్పుడు వేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. దిగే ముందు లేసులు విప్పి, మడమ వెనక్కి ఆనేలా నొక్కి, చీలమండ దగ్గర బిగించి కట్టుకోండి. చిన్న చిన్న అడుగులు వేస్తూ మోకాళ్లను కొద్దిగా వంచి ఉంచండి. చేతికర్ర ఉంటే సగం భారం తగ్గినట్టే ఉంటుంది.

అత్తయ్యగారిని మాత్రం ఈ నడకకు తీసుకెళ్లవద్దు. సగం దారిలో మోకాలు మొరాయిస్తే అక్కడి నుంచి వాహనమేదీ దొరకదు. మెక్లోడ్‌గంజ్‌లో దలైలామా ఆలయం చుట్టూ చెట్ల మధ్య ప్రదక్షిణ బాట ఉంది. భాగ్సునాగ్ శివాలయానికి కారు వెళుతుంది. ఆవిడకు తోడుగా ఒకరు ఉండిపోవలసి వస్తే, మీలో ఎవరు ఆగాలో ముందురోజే మాట్లాడుకోండి. అబ్బాయితో మాత్రం తప్పకుండా ఒక పెద్దవారు ఉండాలి.