లిబర్టేరియన్ వాదంతో నాకున్న పేచీ

వ్యక్తి స్వేచ్ఛకూ ఆస్తిహక్కుకూ పెద్దపీట వేసి, ప్రభుత్వ పాత్రను వీలైనంత తగ్గించాలనే లిబర్టేరియన్ వాదం తర్కానికి నిలిచేదిగానే కనిపిస్తున్నా ఒప్పుకోవడానికి మనసు రావడం లేదనీ, దాన్ని నమ్మినవారితో వాదన ఎందుకు తెగదనీ మీరు అడిగారు. ఆ వాదాన్ని గట్టిగా నమ్మే మిత్రులతో నేను ఏళ్ల తరబడి వాదిస్తూ వస్తున్నాను. వాళ్లు బాగా చదువుకున్నవాళ్లు. అధికారం పట్ల వాళ్లకున్న అనుమానంలో చాలా భాగం నాకూ ఉంది.

ఎవరిమీదా ముందుగా బలప్రయోగం చేయకూడదు, పన్ను బలవంతపు వసూలు గనుక అన్యాయం అన్నది వాళ్ల వాదానికి పునాది. అయితే ఒక నేలకు కంచె వేసి ఇది నాదని ప్రకటించినవాడు, అంతవరకూ ఆ నేలమీద స్వేచ్ఛగా నడిచిన వాళ్లందరినీ అడ్డుకునే హక్కు సంపాదిస్తున్నాడు. ఆ హక్కును నిలబెట్టేది పోలీసులూ న్యాయస్థానాలూ. అమెరికన్ న్యాయశాస్త్రవేత్త రాబర్ట్ హేల్ 1923లోనే ఈ సంగతి వివరంగా వాదించాడు. బలప్రయోగం పన్నుతో మొదలు కాలేదు, ఆస్తిహక్కులోనే ఉంది.

దీనికి నా మిత్రులు చెప్పే జవాబు అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్. 1974లో వచ్చిన ‘అనార్కీ, స్టేట్ అండ్ యుటోపియా’లో ఆయన, ఆస్తి మొదట న్యాయంగా చేజిక్కి, ఆ తర్వాత ఇష్టపూర్వకంగా చేతులు మారితే దానిపై హక్కు న్యాయమైనదేనంటాడు. వాళ్లు అక్కడితో పుస్తకం మూసేస్తారు. కానీ నోజిక్ మూడో సూత్రం కూడా పెట్టాడు: గతంలో జరిగిన అన్యాయాలను సరిదిద్దాలి. దాన్ని ఎలా అమలు చేయాలో ఆయన పూర్తిగా తేల్చలేదు. పైగా ఆ అన్యాయాలు పెద్దవైతే, వాటిని సరిదిద్దడానికి కొంతకాలం మరింత విస్తృతమైన రాజ్యం అవసరపడవచ్చని కూడా రాశాడు. దండయాత్రలు, బానిసత్వం, వలసపాలన లేకుండా నేటి దాకా చేతులు మారిన భూమి ప్రపంచంలో ఎంత ఉంటుంది? మూడో సూత్రాన్ని పట్టించుకుంటే మొదటి రెండూ నేటి ఆస్తులకు ఇచ్చే రక్షణ చాలావరకు సడలిపోతుంది.

గురువులకున్న సంకోచం శిష్యులకు ఉండదు. ఆర్థికవేత్త హయెక్ 1944లోనే అందరికీ కనీస తిండి, బట్ట, నీడ సమాజం సమకూర్చవచ్చని అంగీకరించాడు. మరో ఆర్థికవేత్త ఫ్రీడ్‌మన్ 1962లో పేదలకు ప్రభుత్వమే నగదు అందించే విధానాన్ని ప్రతిపాదించాడు. ఈ మాట ఎత్తితే, వాళ్లు అక్కడ రాజీపడ్డారని నా మిత్రులు తేల్చేస్తారు. మార్కెట్ ఎక్కడైనా విఫలమైందంటే, అది అసలైన స్వేచ్ఛా మార్కెట్ కాదంటారు. విజయాలన్నీ సిద్ధాంతం ఖాతాలోకీ, వైఫల్యాలన్నీ ప్రభుత్వం ఖాతాలోకీ వెళ్లే ఇలాంటి లెక్కలో ఓటమికి చోటే లేదు. (నేను చూసినంతలో కొందరు మార్క్సిస్టుల లెక్క కూడా ఇదే.)

అందువల్ల వాళ్లతో మాట్లాడేటప్పుడు పన్నుల దగ్గర మొదలుపెట్టకండి, నోజిక్ మూడో సూత్రం గురించి అడగండి. నా మిత్రుల్లో ఒకరు మాత్రమే దానికి సూటిగా జవాబిచ్చారు: పాత అన్యాయాలకు ఎక్కడో ఒకచోట కాలపరిమితి విధించక తప్పదన్నారు. సబబైన మాటే. ఆ పరిమితి ఎన్నేళ్లో, దాన్ని ఎవరు నిర్ణయించాలో అడిగితే, కాసేపు ఆలోచించి, చట్టసభే నిర్ణయించాలన్నారు.