ఎమ్‌ఎమ్‌బీ ఫిక్చర్ లేకుండా మిశ్రమ మోడ్ పగులు విలువ ఎలా రాబట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: చిత్తూరులో ఎంటెక్ ప్రాజెక్టు కోసం అల్యూమినియం పట్టీలను ఎపాక్సీ జిగురుతో అతికి, అతుకులో పగులు సాగడానికి ఎంత శక్తి కావాలో కొలిచే డీసీబీ, ఈఎన్‌ఎఫ్ పరీక్షలు పూర్తిచేశారు. విడదీయడం, జారడం రెండూ కలిసినప్పటి విలువ, అంటే మిశ్రమ మోడ్ విలువ కూడా కావాలని గైడు పట్టుబడుతున్నారు. దానికి వాడే ఎమ్‌ఎమ్‌బీ (మిక్స్‌డ్ మోడ్ బెండింగ్) ఫిక్చర్, అంటే లివర్‌తో రెండు రకాల బలాలనూ ఒకేసారి వేసే అమరిక, లేదు కాబట్టి ఉన్న రెండు విలువల సగటు రాస్తే చెల్లుతుందా అని అడిగారు.

చెల్లదు. తిరుపతిలో ఒక ల్యాబులో కొన్నేళ్లుగా ఇలాంటి అతుకులను విరిచి చూడటమే నా పని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. డీసీబీలో రెండు పట్టీలను వెదురు చీల్చినట్టు విడదీస్తాం, అది మోడ్-1. ఈఎన్‌ఎఫ్‌లో ఒకదాని మీద ఒకటి జారేలా వంచుతాం, అది మోడ్-2. రెండూ కలిసి పనిచేసేటప్పుడు విలువ మధ్యలో ఎక్కడో తిన్నగా వచ్చి కూర్చోదు. ఏఎస్4/పీక్ కార్బన్ కాంపోజిట్ మీద నాసాలో రీడర్, క్రూస్ ఎమ్‌ఎమ్‌బీతో చేసిన ప్రయోగాలే చూడండి. మోడ్-1లో చదరపు మీటరుకు 969 జౌల్స్, మోడ్-2లో 1,719. సగటు 1,344. సగం సగం మిశ్రమంలో కొలిస్తే వచ్చింది 1,131 మాత్రమే. మోడ్-2 వాటా 80 శాతానికి చేరితేగానీ మీ సగటు అంకె దగ్గరికి రాదు. సగటును నమ్మి డిజైన్ చేస్తే అతుకు బలాన్ని ఎక్కువగా లెక్కగట్టినట్టే. మోడ్-2 వాటాతో విలువ ఎలా మారుతుందో చెప్పే బెంజెగా–కెనాన్ సూత్రం ఈ వంపును బాగానే పట్టుకుంటుంది, కానీ అందులోని ఘాతాంకం తేల్చాలంటే మధ్యలో ఒక్క బిందువైనా కొలిచి తీరాలి.

ఆ ఒక్క బిందువుకు ఎమ్‌ఎమ్‌బీ అవసరం లేదు. మీరు ఈఎన్‌ఎఫ్‌కు వాడిన మూడు బిందువుల వంపు అమరికే చాలు. పగులు ఉన్న కొనలో కింది పట్టీని పొట్టిగా కోసేయండి, పై పట్టీ ఒక్కటే రోలర్ మీద ఆనాలి. ఎత్తు తగ్గుతుంది కాబట్టి ఆ రోలర్ కింద పట్టీ మందం మేర ఒక రేకు పెట్టండి. దీన్నే ఎస్‌ఎల్‌బీ (సింగిల్ లెగ్ బెండింగ్) అంటారు. రెండు పట్టీలూ ఒకే మందం, ఒకే లోహం అయితే మోడ్-2 వాటా ఏడింట మూడు వంతులు, అంటే 43 శాతం. బీమ్ సిద్ధాంతం ప్రకారం పగులు పొడవు మారినా ఈ వాటా మారదు. పట్టీ మాత్రం శాశ్వతంగా వంగిపోకూడదు. పరీక్ష తర్వాత బల్ల మీద పెట్టి చూడండి, వంపు మిగిలితే ఆ నమూనాను పక్కన పెట్టేయాల్సిందే.

అసలు తలనొప్పి ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మొదటి విడత ఎస్‌ఎల్‌బీ నమూనాల్లో మాకు వచ్చిన విలువ మోడ్-1 కంటే కూడా తక్కువ! లెక్కలో తప్పేమీ లేదు. విరిగిన రెండు ముఖాలనూ ట్యూబులైటు కింద అటూ ఇటూ వంచి చూస్తే సంగతి తెలిసింది. ఒక పట్టీ మీద బూడిదరంగు జిగురు పొర మొత్తం అలాగే ఉంది. రెండో పట్టీ మీద లోహం మెరుస్తోంది, మేము రుద్దిన ఎమ్రీ కాగితం గీతలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. డీసీబీ నమూనాల్లోనేమో జిగురు రెండు ముఖాల మీదా ఉంది. జారించే బలం (కోత బలం) తోడయ్యేసరికి పగులు నేరుగా సాగదు, తనను బాగా తెరిచే దిక్కుకు మళ్లి, జిగురు పొర వదిలి ఒకవైపు లోహపు అంచును పట్టుకుంటుంది. అక్కడ అతుకు బలహీనంగా ఉంటే ఇక దానికి అడ్డేముంది? అప్పుడు మీరు కొలిచేది జిగురు సత్తాను కాదు, ఉపరితలాన్ని ఎంత బాగా సిద్ధం చేశారన్నదాన్ని. అందుకే ప్రతి విలువ పక్కనా ముఖం ఫోటో పెట్టండి. రెండు రకాల ముఖాల విలువలను ఒకే గ్రాఫులో కలపకండి.

ఆ విడత అతికింది నవంబరులో. ఈశాన్య రుతుపవనాల వానల్లో మన దగ్గర గాలి ఎంత చెమ్మగా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అసిటోన్‌తో తుడిస్తే అది ఆవిరవుతూ లోహాన్ని చల్లబరుస్తుంది, చల్లని లోహం మీద కంటికి కనిపించని తేమ చేరుతుంది. తర్వాతి విడతలో తుడిచిన పట్టీలను ఓవెన్‌లో కాస్త వెచ్చబెట్టి, ఆలస్యం లేకుండా అతికాం. లోహం మెరిసే ముఖాలు బాగా తగ్గాయి, విలువ కూడా మోడ్-1ను దాటింది.

ఈఎన్‌ఎఫ్‌లో పగులు ఒక్కసారిగా దూకిపోయి ఉంటే, తొలి పగులు పొడవు సగం స్పాన్‌లో (చివరి రోలర్ల మధ్య దూరంలో సగం) 0.7 వంతు కన్నా ఎక్కువ ఉందో లేదో సరిచూసుకోండి. పక్క అంచుకు వైట్‌నర్ పూసి మిల్లీమీటరుకో గీత గీస్తే పగులు మొన చక్కగా కనిపిస్తుంది.

ఇంకా బిందువులు కావాలని గైడు అంటే ఎమ్‌ఎమ్‌బీ ఫిక్చర్ చేయించుకోవచ్చు, విదేశాల నుంచి తెప్పించనవసరం లేదు. ఈ పరీక్షకున్న ప్రమాణం ఏఎస్‌టీఎమ్ డీ6671లో బొమ్మ ఉంది, మంచి లేత్ పనివాడికి అది చాలు. సగం స్పాన్ 50 మిల్లీమీటర్లు అయితే, సగం సగం మిశ్రమానికి లోడ్ బిందువు మధ్య రోలర్ నుంచి సుమారు 44 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. సరిగ్గా 50 దగ్గర పెడితే మళ్లీ ఎస్‌ఎల్‌బీ నిష్పత్తే వస్తుంది, కాబట్టి రెండు పద్ధతులనూ అక్కడ పోల్చి చూసుకోవచ్చు. రోలర్లకు బేరింగులు వేయించండి, రాపిడి మీ విలువను పెంచి చూపిస్తుంది. లివర్ బరువును తూచి రాసుకోండి. జిగురు బలహీనమైనదైతే లోడ్ తక్కువగా ఉంటుంది, అప్పుడు ఆ బరువును లెక్కలో కలపకపోతే కుదరదు.