మిడతలు వెళ్లిపోయాయి, మందు మిగిలింది

ప్రశ్న: నేను ఎంవీపీ కాలనీలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుకుంటున్నాను సార్. 2020లో మిడతల దండు వచ్చినప్పుడు ప్రభుత్వాలు పెద్దఎత్తున పురుగుమందు కొన్నాయి కదా, దండు పోయాక మిగిలిన మందు ఏమవుతుంది? రైతులకి పంచేస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పంచడం కుదరదు బాబూ. దండు మీద కొట్టే మందు, మన షాపుల్లో దొరికే మందు ఒకటి కాదు. మలాథియాన్‌నే తీసుకో, రైతు కొనేది 50 శాతం ఈసీ, అంటే నీళ్లలో కలిసే ద్రావణం, నీళ్లలో కలిపి కొడతాడు. దండు మీద వాడేది 96 శాతం యూఎల్‌వీ, అంటే అతి కొద్ది పరిమాణంలో చల్లే చిక్కటి మందు, చుక్క నీళ్లు కలపకుండా హెక్టారుకి దాదాపు లీటరు లెక్కన, అందుకోసమే చేసిన మిషన్లతో సన్నటి తుంపరగా చల్లుతారు. అది మామూలు చేతి పంపులో పోసుకుని వంకాయ తోటలో కొడితే పంట సంగతి తర్వాత, ముందు కొట్టినవాడే పడిపోతాడు. ఉచితంగా వచ్చింది కదా అని ఇలాంటిది ఊళ్లోకి పంపితే ఎవరు ఎందులో వాడతారో చెప్పలేం.

అసలు ఎందుకు మిగులుతుందో చూడు. చదరపు కిలోమీటరు దండులో 4 కోట్ల నుంచి 8 కోట్ల దాకా మిడతలు ఉంటాయి, ఆ కాస్త దండే ఒక్క రోజులో 35 వేల మంది తినే తిండి తినేస్తుంది. గాలి కలిసొస్తే రోజుకి 150 కిలోమీటర్లు పోగలదు, ఎటు పోతుందో గాలికే తెలియాలి. అందరికీ టెన్షన్, ఆర్డర్లు పెడతారు, పక్క దేశాలు సాయంగా ఇంకొంత పంపుతాయి. ఆ డ్రమ్ములు ఓడ దిగి లారీ ఎక్కి ఎడారి పక్క ఊరు చేరేసరికి నెలలు గడుస్తాయి. ఈలోగా వానలు లేక గుడ్లు పొదగకపోవచ్చు, లేదా దండు సరిహద్దు దాటిపోవచ్చు. ఈసారికి వాడకపోతే వచ్చేసారి వాడదాం అనుకోవడానికీ లేదు. మనకి 2019-20కి ముందు పెద్ద దండు వచ్చింది 1993లో. మందు డబ్బా మీద గడువు మామూలుగా రెండేళ్లు.

ఆఫ్రికాలో ఈ తప్పు ఎంత దూరం పోయిందో తెలిస్తే బాధేస్తుంది. అక్కడ మిడతలకి డీల్డ్రిన్ అనే పురుగుమందు వాడేవారు. ఎడారిలో చారలు చారలుగా చల్లి వదిలేస్తే వారాల తరబడి విషం తగ్గదు, రెక్కలు రాని పిల్ల మిడతలు ఆ చారలు దాటుతూ చచ్చిపోతాయి. దేనికోసం దాన్ని మెచ్చుకున్నారో దానికోసమే తర్వాత నిషేధించారు, ఎందుకంటే మట్టిలోంచి, కొవ్వులోంచి, తల్లిపాలలోంచి కూడా అది అంత తేలిగ్గా పోదు. ఇలా చాలాకాలం పోకుండా ఉండే విషాల మీద 2001లో దేశాల మధ్య కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం మొదటి జాబితాలోని 12 రసాయనాల్లో డీల్డ్రిన్ ఒకటి. కానీ వాడకం ఆగితే గోడౌన్‌లో ఉన్నది మాయం కాదు కదా. దానికి తోడు 1986-89 మిడతల విపత్తులో వచ్చి పడిన మందులు. డ్రమ్ములు తుప్పు పట్టి, అడుగు కారి, నేలలోకి దిగిపోయిన చోట్లున్నాయి. పాత పురుగుమందులు ఆఫ్రికా మొత్తం మీద 50 వేల టన్నుల దాకా ఉంటాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అదే ఎఫ్‌ఏఓ, అంచనా వేసింది. వాటిని కొత్త డ్రమ్ముల్లోకి మార్చి, ఓడల్లో యూరప్ పంపి, చాలా ఎక్కువ వేడి మీద కాల్చే కొలుముల్లో తగలబెట్టాల్సి వచ్చింది. పంట కాపాడటానికి పంపిన మందుని కాల్చడానికి మళ్లీ డబ్బు!

ఇప్పుడు కాస్త తెలివి వచ్చింది. ఏ గోడౌన్‌లో ఏ మందు ఎంత ఉందో, గడువు ఎప్పుడో కంప్యూటర్లో రాసి పెట్టే పద్ధతిని ఎఫ్‌ఏఓ తెచ్చింది. గడువు ఉండగానే, మందుని పరీక్ష చేయించి, అవసరం ఉన్న ఇంకో దేశానికి తరలించే ఏర్పాటు ఉంది. కొనేసి దాచుకోకుండా, తయారీదారు దగ్గరే స్టాకు ఉంచి పిలిచినప్పుడు తెప్పించుకోవడం ఇంకా మంచిది. 2020లో సోమాలియా మెటారైజియం అనే శిలీంధ్రంతో చేసిన మందు వాడింది, అది మిడత జాతికే పట్టే జబ్బు. పరీక్షకి ఇవి రాయి, కానీ పరీక్ష అయిపోయాక మర్చిపోకు.

ప్రశ్న: గడువు దాటిన మందు పవర్ తగ్గుతుంది కాబట్టి డోసు పెంచి కొట్టేస్తే సరి అని మా డీలర్ అంటున్నాడు. నిజమేనా అండీ?
– చెరకు రైతు, చోడవరం

జవాబు: నిజం కాదండీ. పవర్ తగ్గడం ఒక్కటే కాదు, కొన్ని మందులు పాతబడితే విషం పెరుగుతుంది. 1976లో పాకిస్తాన్‌లో మలేరియా దోమల కోసం మలాథియాన్ చల్లిన సుమారు 7,500 మంది కూలీల్లో 2,800 మంది దాకా జబ్బుపడ్డారు, ఐదుగురు చనిపోయారు. వాడింది నీళ్లలో కలిపే మామూలు మలాథియాన్ పొడే. నిల్వలో, వేడికి, ఆ పొడిలో ఐసోమలాథియాన్ అనే కొత్త పదార్థం పుట్టింది, అది మన ఒంట్లో విషాన్ని విరిచే శక్తినే అడ్డుకుంటుంది. రేకుల షెడ్డులో రెండు వేసవులు మగ్గిన డబ్బా లోపల ఏముందో మీకూ తెలీదు, మీ డీలర్‌కీ తెలీదు. కదలకుండా నిలవున్న రసాయనం వేడెక్కితే ఏమవుతుందో విశాఖవాళ్లకి వేరే చెప్పాలా? 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది పురుగుమందు కాదు, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్, కానీ లాక్‌డౌన్‌లో ట్యాంకులో వేడెక్కిన నిలవ సరుకే అది. గడువు దాటిన మందు అమ్మడం చట్టరీత్యా కూడా తప్పు. ఆ డీలర్ సంగతి మీ మండల వ్యవసాయాధికారికి చెప్పండి, మొహమాటపడకండి.

ప్రశ్న: మా నాన్నగారు ఈ మధ్యే పోయారు. మాడుగుల దగ్గర మా పెంకుటింట్లో అటక మీద పది పన్నెండు మందు డబ్బాలు దొరికాయి. కొన్నిటికి లేబుల్ లేదు, ఒకటి ఉబ్బింది, ఒకటి సోడా సీసాలో పోసి ఉంది. 2020లో మిడతలు మన వైపూ వస్తాయని భయపడి కొన్నవి కూడా ఉన్నాయంటుంది అమ్మ. గెడ్డలో పోసేయమంటున్నారు చుట్టాలు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: గెడ్డలో మాత్రం పోయకమ్మా, ఎవరు చెప్పినా సరే. ఆ నీళ్లు కిందనున్న పొలాలకీ, పశువులకీ, నూతులకీ పోతాయి, చేపలు మొదట చస్తాయి. కాల్చొద్దు, ఆ పొగ కూడా విషమే. నేలలో పాతిపెట్టొద్దు.

నాన్నగారిని తప్పుపట్టకండి. ఆ మే నెలాఖరులో అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్ల మీద గుంపుగా మిడతలు కనపడగానే రాష్ట్రమంతా వణికింది, తీరా చూస్తే అవి దండుగా వచ్చే ఎడారి మిడతలు కావు, స్థానికంగా ఉండే రకం. ఏ మందు కొని పెట్టుకోమంటారు అని ఆ వారం నాకెన్ని ఫోన్లు వచ్చాయో. ఏమీ కొనొద్దు అన్నాను, కొందరు విన్నారు.

ముందు ఆ సోడా సీసా సంగతి చూడండి, పిల్లలు తాగేసేది ఇలాంటివే. దాన్ని వేరే దాంట్లోకి ఒంపొద్దు. సీసాకి సీసా ఒక మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్‌లో ఇసుక పోసి నిలబెట్టి, మీద పెద్ద అక్షరాలతో విషం అని రాయండి. రబ్బరు గ్లవ్స్ వేసుకోవాలి, నిండు చేతుల చొక్కా, ముక్కుకి గుడ్డ, కిటికీలు తీసి ఉంచాలి. అటక మీద ఉక్కబోతలో ఒక్కరే ఎక్కొద్దు. ఉబ్బిన డబ్బా మూత తీయొద్దు, కదిలించాల్సి వస్తే ఊపకుండా నిలువుగా పట్టుకుని అదే పద్ధతిలో ఇసుక బకెట్‌లో పెట్టండి. కారిన చోట నీళ్లు కొట్టి కడగకండి, ఇసుకో పొడి మట్టో చల్లి, పీల్చుకున్నాక గరిటెతో ఎత్తి మందపాటి సంచిలో కట్టండి, ఆ గరిట మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

తర్వాత ఒక కాగితం మీద పేరు, కంపెనీ, తయారీ తేదీ, గడువు, ఎంత ఉంది, డబ్బా ఎలా ఉంది అని రాసుకోండి. లేబుల్ లేనివాటికి లేబుల్ లేదు అనే రాయండి, ఊహించి రాయొద్దు. ఫొటోలు తీయండి. సీలు తీయనివీ గడువు ఉన్నవీ కొన్న షాపుకి తిరిగివ్వొచ్చేమో అడగండి. మిగతావాటి కోసం ఆ జాబితా పట్టుకుని మండల వ్యవసాయాధికారి దగ్గరికీ, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికీ వెళ్లండి. ప్రమాదకర వ్యర్థాల్ని శుద్ధి చేసే కేంద్రం మనకి దగ్గర్లోనే, పరవాడ ఫార్మా సిటీ దగ్గర ఉంది, ఆ దారిలో పంపే వీలుందా అని గట్టిగా అడగండి. అది ఫ్యాక్టరీల కోసం పెట్టింది కాబట్టి పది డబ్బాలకి వెంటనే అవునంటారని నేను మాటివ్వలేను. రైతు ఇంటికొచ్చి పాత మందు తీసుకెళ్లే ఏర్పాటు మన దగ్గర ఇంకా కుదురుకోలేదు, అదే నాకు పెద్ద బాధ. పురుగుమందు డబ్బాల్ని ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కించి వేరుగా సేకరించాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి, ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధన ఏమంటుందో లిఖితపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి. ఆ డబ్బాల్ని మధురవాడ తెచ్చి చెత్త బండిలో వేయడం మాత్రం వద్దు, ఆ బండి మనిషి ఒట్టి చేతులతో ఏరుతాడు.

ఈలోగా అమ్మగారికి చెప్పి ఆ బకెట్లని వంటగదికీ పశువుల పాకకీ దూరంగా, ఎండ తగలని గదిలో తాళం వేసి ఉంచండి. ఎవరికైనా మందు తగిలి చెమటలు పట్టినా, నోట్లో చొంగ కారినా, కంటిపాప సూదిమొనలా చిన్నదైనా 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు, తగిలిన బట్టలు విప్పి సబ్బుతో ఒళ్లు కడగండి, డబ్బానో దాని ఫొటోనో ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి, ఏ మందో తెలిస్తే డాక్టరుకి వైద్యం తొందరగా మొదలుపెట్టడం వీలవుతుంది. ఆఫీసులో ఏమన్నారో నాకు మళ్లీ రాయండమ్మా, కాగితం కదలకపోతే తర్వాతి సంచికలో దాని గురించే రాస్తాను.