శారదా ఉగ్రా లాంటి కెరీర్ కావాలంటే బెంగళూరులో ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ చెల్లి బెంగళూరులో డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉందనీ, శారదా ఉగ్రాలా స్పోర్ట్స్ జర్నలిస్టు కావాలనుకుంటోందనీ, చిన్నస్వామి స్టేడియంలో ప్రెస్ పాస్ ఎలా వస్తుందనీ అడిగారు. పాస్ గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఎడిటర్ లెటర్ లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు.

ఉగ్రా గారు 1989లో ముంబయి మిడ్-డేలో చేరారు. తర్వాత ది హిందూ, ఇండియా టుడే, 2010లో క్రికెట్ వెబ్‌సైట్ క్రిక్‌ఇన్ఫోలో చేరారు. అప్పట్లో మిడ్-డే మధ్యాహ్నం పేపరు. అది వచ్చేసరికి స్కోరు జనానికి తెలిసిపోయి ఉండేది కాబట్టి, ఎందుకు ఓడారో చెప్పలేకపోతే ఆ వార్తకు విలువ ఉండేది కాదు. క్రికెట్ పాలన మీద ఆమె రాసిన వ్యాసాలు మీ చెల్లి తప్పక చదవాలి. మన దేశంలో ఆ పని అంత ఓపిగ్గా చేసినవాళ్లు తక్కువ.

మొదలుపెట్టడానికి నా ఓటు కంఠీరవ స్టేడియంలో జరిగే అథ్లెటిక్స్ మీట్లకే. అక్కడ అథ్లెట్లూ కోచ్‌లూ తీరిగ్గా మాట్లాడతారు. అయితే రిజల్ట్ షీట్ చదవడం రావాలి. 100, 200 మీటర్లు, లాంగ్‌జంప్, ట్రిపుల్‌జంప్ ఫలితాల పక్కన గాలి వేగం వేస్తారు. వెనకనుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే పతకం ఇస్తారు, రికార్డు మాత్రం ఇవ్వరు. చేత్తో తీసిన టైము ఇంకా ప్రమాదం. 100 మీటర్లలో దానికి 0.24 సెకన్లు కలిపితేగానీ ఎలక్ట్రానిక్ టైముతో పోల్చకూడదు. 10.4 అంటే సుమారు 10.64 అన్నమాట. కొత్తవాళ్ల 'రికార్డు బద్దలు' హెడ్డింగులు చాలావరకు ఇక్కడే తప్పుతాయి.

రాత్రి జరిగే టీ20 క్రికెట్ మ్యాచ్‌లకు వేరే అలవాటు కావాలి. మొదటి ఇన్నింగ్స్ ముగిసేసరికి 250 పదాలు సిద్ధంగా ఉండాలి. ఛేజింగ్‌లో 15వ ఓవర్‌కల్లా గెలుపుకొకటి, ఓటమికొకటి, రెండు ఇంట్రోలు (వార్త మొదటి పేరాలు) రాసిపెట్టుకోవాలి. ఆఖరి బంతి పడగానే ఒకటి తగిలించి పంపేయడమే. కెప్టెన్ మాటలు తర్వాతి ఎడిషన్‌లో చేరతాయి. వాటికోసం ఆగితే మొదటి ఎడిషన్ వెళ్లిపోతుంది.

మ్యాచ్ తర్వాత ఆటగాళ్లు చెప్పే అలాంటి మాటల కోసమే అమెరికాలో స్పోర్ట్స్ రిపోర్టర్ మెలిస్సా లుడ్కీ కోర్టుకెక్కారు. 1977 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో మగ రిపోర్టర్లను ఆటగాళ్లు బట్టలు మార్చుకునే లాకర్ రూమ్‌లోకి పంపి ఆమెను ఆపేశారు. 1978లో జడ్జి కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ ఆమె పక్షాన తీర్పిచ్చారు.

మూడు మీట్ల రిపోర్టులు, ఒక్కోటి 350 పదాల్లో రాయించి స్పోర్ట్స్ డెస్కుకు పంపించండి. పంపేముందు ప్రతి పేరునూ స్టార్ట్ లిస్టుతో (పోటీలో దిగే అథ్లెట్ల జాబితా) సరిచూసుకోమనండి.