బీఏ తెలుగు చదివింది, యాప్‌ల అనువాదం అంటోంది. పంపొచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి స్పెషల్ తెలుగుతో బీఏ చేసి మూడేళ్లు పాడు చేసుకుంది. ఇప్పుడు మొబైల్ యాప్‌లను వేరే భాషల్లోకి మార్చే లోకలైజేషన్ కోర్సులో చేరతానంటోంది. బ్యాంకు కోచింగ్ వద్దంటోంది. ఏది మేలు?

జవాబు: తెలుగు చదివిన పిల్ల తన కాళ్ల మీద నిలబడుతుందా అన్నదే మీ అసలు టెన్షన్. నిలబడుతుందండీ. ముందు ఆ బెంగ వదలండి.

కోర్సు మీద మాత్రం నాకు చాలా అనుమానాలున్నాయి. 'ఇంట్లో కూర్చుని నెలకు లక్ష' అని రీల్స్‌లో ఊరించే వాళ్లకు ఫీజు కట్టొద్దు. తొలి అనువాదం ఇప్పుడు చాలా చోట్ల మెషీనే చేసేస్తోంది. దాన్ని సరిదిద్దే పని మనిషికి వస్తుంది, డబ్బూ ఆ మేరకు తగ్గుతుంది. ఫ్రీలాన్స్ అంటే ఒక నెల ఊపిరాడదు, మరో నెల మెయిలే రాదు. రెండు భాషలు వచ్చు కదా అని దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం నాకిష్టం లేదు.

అయితే మెషీన్‌తో తెమలని పని చాలానే ఉంది. ఆండ్రాయిడ్ యాప్‌లో తెర మీద కనిపించే మాటలు విడిగా ఒక ఫైల్‌లో ఉంటాయి, భాషకో ఫోల్డర్. పేరు రావాల్సిన చోట ఒక గుర్తే ఉంటుంది. అక్కడికి రవి వస్తే పక్కన 'కి' ఉండాలి, సీత వస్తే 'కు'. ఎవరొచ్చినా అతికేలా వాక్యాన్నే తిప్పి రాయాలి. ఏకవచనం, బహువచనం అని మనకు రెండు రూపాలు చాలు, అరబిక్‌కు ఆరు కావాలి. ఆ పైన బటన్‌లో మాట పట్టదు, వత్తులు కింద తెగిపోతాయి. ఇవన్నీ ఫోన్‌లో చూసి డెవలపర్‌కు అర్థమయ్యేలా చెప్పగలిగితే టెస్టింగ్, కంటెంట్ ఉద్యోగాల వైపూ వెళ్లొచ్చు.

ఇక మీ సంగతి. 'పాడు చేసుకుంది' అన్న మాట పిల్ల ముందు ఎన్నిసార్లు అన్నారు? డిగ్రీలో చేర్పించింది మీరే కదా! ఇష్టం లేని పిల్లను రోజూ కోచింగ్‌కని మద్దిలపాలెం బస్సెక్కిస్తే ఏళ్లు గడుస్తాయి తప్ప మార్కులు రావు. బ్యాంకు ఎక్కడికీ పోదు. జనరల్ వాళ్లకే క్లర్కుకు 28, పీవోకు (ఆఫీసర్ ఉద్యోగానికి) 30 ఏళ్ల దాకా వయసుంటుంది.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తెలుగు అనువాదం, దాన్ని తయారుచేసే మొజిల్లా వారి పాంటూన్ అనే వెబ్‌సైట్‌లో వాలంటీర్లే చేస్తారు, పైసా ఖర్చుండదు. ఆరు నెలలు అందులో చేయనివ్వండి. ఆ పని తీసుకుని తననే నా దగ్గరకు పంపండి. బ్యాంకా, ఇదా అన్నది తనతోనే మాట్లాడతాను.