అడ్వాన్సు కట్టే ముందు అబ్బాయిని అడగాల్సింది

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్‌ప్లాంటులో ముప్ఫై ఏళ్లు ఫర్నేస్ దగ్గర షిఫ్టులు చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి కెమికల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది. ఫ్రీజ్ డ్రైయింగ్‌లో హీట్, మాస్ ట్రాన్స్‌ఫర్ మోడలింగ్ అని ఏదో ప్రాజెక్టు చేస్తున్నాడు, ఎంటెక్ కూడా అందులోనే అంటున్నాడు. వాడికి చెప్పకుండా ఆర్నెల్ల డేటా సైన్స్ కోర్సుకు అడ్వాన్సు కట్టేశాను. రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: చెబుతానండీ. కానీ మీ అసలు భయం వేరే ఉంది. మీరు పడ్డ నైట్ డ్యూటీలు వాడు పడకూడదు, పరవాడ, అచ్యుతాపురం ఫార్మా ఫ్యాక్టరీల ప్రమాదాల వార్తల్లో వాడు ఉండకూడదు. వారానికి ఒక తండ్రైనా నన్ను ఇదే అడుగుతారు, బ్రాంచి పేరే మారుతుంది.

భయం న్యాయమే. చెప్పకుండా డబ్బు కట్టడం మాత్రం తప్పు. వాడు చేస్తున్నదేమిటో ఒక్కసారైనా అడిగారా?

కొన్ని పౌడర్ ఇంజెక్షన్ల సీసాలో అడుగున కర్పూరంలా తెల్లటి బిళ్ల ఉంటుంది చూడండి. మందు ద్రావణాన్ని గడ్డకట్టించి, వాక్యూమ్‌లో పెట్టి, మంచును నీరు కానివ్వకుండా నేరుగా ఆవిరి చేస్తే మిగిలేది అదే. ఫ్రీజ్ డ్రైయింగ్ అంటే ఇదే. బీరువాలో కలరా ఉండలు అరిగిపోయినట్టే. కిలో మంచు అలా పోవాలంటే సుమారు 2,840 కిలోజౌళ్ల వేడి కావాలి, ఉత్తినే కరగడానికి పట్టేదానికి ఎనిమిది రెట్ల పైమాటే. ఆ వేడి సీసా అడుగునుంచి ఎక్కాలి, ఆవిరేమో పైనున్న ఎండిన పొరలోంచి బయటపడాలి. ఆ పొర గంటగంటకూ మందమవుతుంది. వేడి ఎక్కువైతే బిళ్ల కుంగిపోతుంది, బ్యాచ్ పారబోయడమే. పంచదార ద్రావణమైతే మైనస్ 32 డిగ్రీల దగ్గరే ఆ గండం. వేడి తక్కువైతే మెషిన్ రోజుల తరబడి తిరుగుతుంది. పోనీ వాక్యూమ్ పెంచుదామంటే, గాలి మరీ పలచబడి సీసా అడుగుకు వేడి సరిగా అందదు. ఈ లాగులాటను సమీకరణాల్లో పెట్టి, సీసాలు పెట్టే షెల్ఫ్‌ను ఎంత వేడి చేయాలో, ఎన్ని గంటలు పడుతుందో బ్యాచ్ వేయకముందే లెక్క తేల్చడం మీవాడి పని. కూర్చునేది కంప్యూటర్ ముందేనండీ.

ఇక ఆ ఆర్నెల్ల కోర్సులు. విశాఖ ద్వారకానగర్‌లో ఏ మెట్లెక్కినా అలాంటి కోర్సు బోర్డు ఒకటి. నా దగ్గరకొచ్చే రెజ్యూమెల్లో అవే ప్రాజెక్టులు: ఇళ్ల ధరల అంచనా, టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారన్న అంచనా. పేరు కప్పేస్తే ఎవరిదో పోల్చలేం. ఈ అంకె ఇలా ఎందుకొచ్చిందని అడిగితే సీలింగ్ చూస్తారు. డేటా సైన్స్ చెడ్డదనడం లేదు. వేరే చదువేదీ చేతిలో లేకుండా అదొక్కటే నేర్చుకున్నవాళ్లను చూస్తే నాకు టెన్షన్. మీవాడు మోడల్‌ను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్నాడేమో కనుక్కోండి. రాస్తుంటే ఆ కోర్సులో సగం ఇంట్లోనే అయిపోయినట్టు.

మోడలింగ్‌లో లోటు లేదా? ఉంది. ఆ పేరుతో ఉద్యోగ ప్రకటనలు అరుదు. ఫార్మాలో ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లోనో, ల్యాబ్ పద్ధతిని ప్లాంటుకు మార్చే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్‌లోనో చేరి నెమ్మదిగా అటు వెళ్లాలి. కొత్త బ్యాచ్ నడిచే రోజుల్లో ప్లాంటులో రాత్రిళ్లు ఉండాల్సి రావచ్చు. అయినా అది మీరు చేసిన షిఫ్టు డ్యూటీ కాదు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష సంగతి వాడికే తెలుసు. ఎంటెక్ సీటు తీసుకునే ముందు మాత్రం ఒకటి చూసుకోమనండి: ఆ ల్యాబ్‌లో ఫ్రీజ్ డ్రైయర్ ఉందా, కొలిచిన ఉష్ణోగ్రతలు చేతికిస్తారా? కొలతతో సరిచూడని మోడల్‌ను ఇంటర్వ్యూలో ఎవరూ లెక్కచేయరు.

అడ్వాన్సు వెనక్కిస్తారేమో రేపే అడగండి. రాత్రి భోజనాల దగ్గర వాణ్ని ఇంకోటి అడగండి: ట్రే అంచున ఉన్న సీసాలు నడిమివాటికన్నా ముందే ఎందుకు ఎండుతాయని. గోడల వేడి తగిలి, అంటాడు. ఫర్నేస్ గోడ పక్కన ముప్ఫై ఏళ్లు నిలబడ్డవారు, ఆ వేడి గురించి వాడికి మీరే నాలుగు మాటలు చెప్పగలరు.